కూతకెళ్ళే కాళ్ళ ఖరీదు

మా తర్లుపాడు కబడ్డీ జట్టుకు ఒకే రంగు బనియన్లు లేని రోజుల్లో కూడా ఒక నోటు పుస్తకం మాత్రం ఉండేది. ఎడమ పేజీలో ఎవరెంత చందా ఇచ్చారో, కుడి పేజీలో ఎవరికెంత ముట్టిందో రాసేవాళ్ళం. పదేళ్ళకు పైగా ఆ పుస్తకం నా చేతిలోనే నడిచింది. నేను ఆడినవాణ్ణి కాదు. కూతకు వెళ్తే నడిగీత దాటకముందే ఊపిరి ఆగిపోయేది. అందుకే నాకు లెక్కలు అప్పజెప్పారు.

ఆ ఏడు తిరునాళ్ళ పోటీలకు వసూలైంది 20 వేలు. వానలు మొహం చాటేసిన ఏడది. మిరప తోటలున్నవాళ్ళు కూడా "ఈసారికి వదిలెయ్ అబ్బాయ్, వచ్చే ఏడు రెండింతలు రాసుకో" అన్నారు. వానలను నమ్ముకున్న మా పడమటి ప్రాంతంలో వచ్చే ఏడు అనే మాటకు విలువెంతో మీకు నేను చెప్పాలా? ఆ 20 వేలలోనే ఎంట్రీ ఫీజు, ఆటో కిరాయిలు, భోజనాలు, ఆటగాళ్ళకు ఇచ్చేది. బయటివాళ్ళను ముగ్గురిదాకా ఆడించుకోవచ్చని పోటీ పెట్టినవాళ్ళ నిబంధన. ముందటేడు మాకు కప్పు తెచ్చిపెట్టిన రైడర్, అంటే కూతకు వెళ్ళేవాడు, ఒకడున్నాడు. నంద్యాల వైపు కుర్రాడు. అప్పుడు 3 వేలకు వచ్చాడు. ఈసారి 8 వేలు అడిగాడు.

ఆ రాత్రి వేపచెట్టు కింద కూచుని పెద్ద గొడవే పడ్డాం. 8 వేలు ఎక్కువని కొందరు, కప్పు తెచ్చినవాడికి ఎంతిచ్చినా తక్కువేనని కొందరు. చివరికి కప్పు మాటే గెలిచింది. అతనికి 8 వేలు రాశాను. అసలు మేం వాదించుకోవాల్సింది అతను ఎంత చేస్తాడని కాదు. అతనికి 8 వేలు పోతే మిగిలిన దాంట్లో ఎవరు రారు అని. ఆ సంగతి నా బుర్రకు ఎక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఎక్కించింది కూడా టీవీలో ప్రో కబడ్డీ వేలం.

2014 జులైలో ఈ లీగ్ మొదలైంది. మనం చెడుగుడు అనుకుంటూ దుమ్ములో ఆడిన ఆట మ్యాటు మీదికి, లైట్ల కిందికి వచ్చింది. మన పేరుతో తెలుగు టైటాన్స్ అని ఒక జట్టు. అందులో తెలుగువాళ్ళు ఎంతమంది అని మాత్రం అడక్కండి, ఆ బాధ ఇంకో రోజు చెప్పుకుందాం. ఈ లీగ్‌లో ఒక కట్టుబాటు ఉంది. యజమాని ఎంత కలవాడైనా ఆటగాళ్ళ జీతాలకు ఒక హద్దు దాటి ఖర్చు పెట్టడానికి వీల్లేదు. 2018లో ఆ హద్దు 4 కోట్లు. 2023 నాటికి 5 కోట్లయింది. ఆ 5 కోట్లలోనే కనీసం 18 మందిని తెచ్చుకోవాలి. ఇంకా చేర్చుకోవాలంటే 25 మందిదాకా. కాబట్టి ఇది మా 20 వేల పుస్తకమే. సున్నాలే తేడా.

ఇంకో సదుపాయం కూడా ఉంది. తను వదిలేసిన ఆటగాణ్ణి వేలంలో వేరే జట్టు ఎంతకు పాడుకుందో ఆఖర్న అంతే ఇచ్చి పాత జట్టు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటారు దాన్ని. వినడానికి బాగుంటుంది. కాని ధర నిర్ణయించేది పక్కవాడు, డబ్బు కట్టేది మనం. సంతలో మన ఎద్దును మనమే, ఎదుటివాడు పలికిన ధరకు, మళ్ళీ కొనుక్కున్నట్టు.

రాహుల్ చౌదరి గుర్తున్నాడా? ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ కుర్రాడు. మొదటి సీజన్ నుంచి మన టైటాన్స్‌కు కూత పెట్టినవాడు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ జనం అతని కోసమే టిక్కెట్టు కొన్నారు. 2016లో జరిగిన నాలుగో సీజన్లో 146 రైడ్ పాయింట్లతో లీగ్ మొత్తం మీద అతనే ముందున్నాడు. 2018 వేలంలో ఢిల్లీ జట్టు అతన్ని 1 కోటి 29 లక్షలదాకా తీసుకెళ్ళింది. టైటాన్స్ వాళ్ళు ఆ ధరే ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. 4 కోట్లలో మూడో వంతుకు దగ్గర. తప్పని అనను. అతను లేని టైటాన్స్‌ను ఎవరు చూస్తారు? జట్టు కొనేది పాయింట్లొక్కటే కాదు, పిల్లలు గోడ మీద అంటించుకునే బొమ్మను కూడా. అయితే బొమ్మకు ఇచ్చిన డబ్బు కూడా ఆ 4 కోట్లలోంచే పోతుంది, దానికి వేరే ఖాతా లేదు.

మరుసటేడు చౌదరిని వదిలేసి, సిద్ధార్థ్ దేశాయ్‌ను తెచ్చుకున్నారు. కొల్లాపూర్ వైపు కుర్రాడు. అంతకుముందు ఏడు యు ముంబా జట్టు అతన్ని 36 లక్షల 40 వేలకు కొంటే 200 పైగా పాయింట్లు తెచ్చాడు. ఆ 200 చూసి టైటాన్స్ 2019లో 1 కోటి 45 లక్షలు పెట్టింది. ఆ ఏటి వేలంలో అదే పెద్ద ధర. ఇక్కడ కాస్త ఆగండి. 200 పాయింట్లు వచ్చింది 36 లక్షలకు. ఆ సరుకు యు ముంబా తినేసింది. మనం 1 కోటి 45 లక్షలు పోసింది తర్వాతి ఏటి కాళ్ళకు. అయినా అతను మోసం చెయ్యలేదు, ఈసారి కూడా 200 దాటించాడు. జట్టు మాత్రం 12 జట్లలో 11వది. రెండేళ్ళ తర్వాతి వేలంలో అతన్నే మళ్ళీ, ఆ ఫైనల్ బిడ్ మ్యాచ్ పద్ధతిలోనే, 1 కోటి 30 లక్షలకు అట్టిపెట్టుకున్నారు. కొద్ది ఆటలకే గాయమైంది. ఆ సీజన్లో టైటాన్స్ 22 ఆటలాడి గెలిచింది ఒక్కటి.

కూతకు వెళ్ళేవాడి పని ఎలాంటిదో దగ్గర్నుంచి చూడాలి. అవతల ఏడుగురు. వాళ్ళలో ఒకడు మడమ పట్టుకుంటాడు, ఒకడు తొడ పట్టుకుంటాడు, ఇంకొకడు ఎగిరి నడుం మీద పడతాడు. ఇతను ఒక కాలు మీద నిలబడి ఇంకో కాలు చాస్తాడు, చాచిన కాలు వెనక్కి తీసుకునే లోపల ఒంటి బరువంతా ఆ నిలబడ్డ మోకాలి మీద తిరుగుతుంది. ఆటకు పదిహేను, ఇరవై సార్లు. సీజన్‌కు 20 ఆటలు. బండలాగుడు చూసేవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. రెండు పళ్ళ గిత్త, నాలుగు పళ్ళ గిత్త, ఆరు పళ్ళ గిత్త అని పోటీలే విడివిడిగా పెడతాం. కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పోయినేడు ఎన్ని అడుగులు లాగిందో అమ్మేవాడు చెప్తూనే ఉంటాడు. కొనేవాడు వింటూనే వంగి కాళ్ళు నిమురుతాడు. వేలంలో కోట్లు వేసుకుని కూచున్న పెద్దమనుషుల ముందు తెర మీద పోయినేటి అడుగుల లెక్క మాత్రమే ఉంటుంది.

పవన్ సెహ్రావత్ సంగతి చూడండి. బెంగళూరు బుల్స్‌కు ఆడేటప్పుడు వరసగా మూడు సీజన్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు అతనివే. ఒకే ఆటలో 39 రైడ్ పాయింట్లు తెచ్చిన మొనగాడు. 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టి తీసుకుంది. అక్టోబరులో మొదటి ఆట. పట్టుమని పది నిమిషాలు కాలేదు, ఎదుటి రైడర్‌ను ఆపబోయి మోకాలు మడతపడింది. సీజన్ అంతా బయటే. తలైవాస్ పని అయిపోయిందనుకున్నాం. అప్పుడు ఆ జట్టులో నరేందర్ కండోలా అనే కుర్రాడున్నాడు. కొత్తవాళ్ళ కోటాలో వచ్చినవాడు, అంతకుముందు లీగ్ ఆడి ఎరగడు. అతను లేచి 240 పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. తలైవాస్ చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్‌కు వెళ్ళింది.

దీన్ని చూసినవాళ్ళు ఏం నేర్చుకోవాలి? నేను చెప్పను, మన టైటాన్స్ ఏం నేర్చుకుందో చెప్తాను. మరుసటేడు, 2023లో, మోకాలు బాగుచేయించుకుని వచ్చిన అదే పవన్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొంది. లీగ్‌లో అప్పటిదాకా ఎవరికీ అంత పలకలేదు. 5 కోట్లలో సగానికి పైగా ఒక్క మనిషికి. పవన్ 200 పైగా పాయింట్లు తెచ్చాడు. టైటాన్స్ 22లో 2 గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ సీజన్లో టైటాన్స్ ఆట చూడటం నాకు బాగా తెలిసిన దృశ్యమే. పవన్ వెళ్ళి ఇద్దర్ని తాకి వస్తాడు, ఆ వెంటనే అవతలివాడొచ్చి మన కార్నర్ల, అంటే చివర్లలో నిలబడి పట్టేవాళ్ళ, మధ్యలోంచి ముగ్గుర్ని తాకి పోతాడు. ఖరీదైన కూత తెచ్చిందంతా చవక కార్నర్ పోగొట్టింది.

ఖరీదైనవాణ్ణి కొనడమే తప్పని అనుకునేరు. ఆ సీజన్లో కప్పు గెలిచిన పుణేరి పల్టన్ కూడా ఒక్కడికే 2 కోట్ల 35 లక్షలు ఇచ్చింది. ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయీ. తర్వాతి ఏడు 2 కోట్ల 7 లక్షలకు అతన్ని కొన్న హర్యానా స్టీలర్స్‌కూ కప్పొచ్చింది. అతను ప్రధానంగా పట్టేవాడు, కూతకు కూడా వెళ్తాడు. ఓహో, డబ్బు పట్టేవాడికి పెట్టాలన్నమాట అని నేను సూత్రం రాసుకున్నాను. 2025లో గుజరాత్ అతన్ని 2 కోట్ల 23 లక్షలకు కొంది. ప్లేఆఫ్స్‌కు ఎనిమిది జట్లు వెళ్తే అందులో గుజరాత్ లేదు. రాసుకున్న సూత్రం కొట్టేశాను.

మా మేనల్లుడు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడి ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది వాడికి. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది. బంతిని చంకలో పెట్టుకుని ఎదుటివాళ్ళ గుంపులోకి దూసుకెళ్ళేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. వాడు వర్ణిస్తుంటే నాకు మన రైడరే కనిపించాడు. 1994 నుంచి అక్కడి లీగ్‌లోనూ జీతాలకు హద్దు ఉంది. 2024లో అది జట్టుకు 25 కోట్ల 54 లక్షల డాలర్లు. అంత ఉన్నా రన్నింగ్ బ్యాక్‌కు పెద్ద ఒప్పందం ఇవ్వాలంటే జట్లు వెనకాడతాయి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దాటితే కాళ్ళు మాట వినవని, కాలేజీ నుంచి వచ్చే కుర్రాడు అందులో చిన్న వంతుకే ఆ పని చేస్తాడని వాళ్ళ లెక్క. మన కండోలా లాంటివాళ్ళు అక్కడ ఏటా వస్తారన్నమాట.

మేనల్లుడి జట్టు న్యూయార్క్ జెయింట్స్‌కు సేక్వాన్ బార్క్లీ అని ఒకడుండేవాడు. ఆరేళ్ళు ఆడాడు. మధ్యలో మోకాలికి దెబ్బ తగిలింది. 2024 మార్చిలో జెయింట్స్ అతన్ని పోనిచ్చింది. లెక్క ప్రకారం చూస్తే సరైన పనే. పక్కనే ఉన్న ఫిలడెల్ఫియా ఈగిల్స్ మూడేళ్ళకు 3 కోట్ల 77 లక్షల 50 వేల డాలర్లకు రాయించుకుంది. ఆ సీజన్లో అతను 2,005 గజాలు పరిగెత్తాడు. ఒకసారైతే ఎదురొచ్చినవాడి వైపు వీపు తిప్పి, వెనక్కి వెనక్కే ఎగిరి అతని మీంచి దాటేశాడు. 2025 ఫిబ్రవరి 9న ఈగిల్స్ ఆ లీగ్ ఫైనల్, సూపర్ బౌల్, గెలిచింది. ఆ రోజు బార్క్లీ పుట్టినరోజు, 28 నిండాయి. జెయింట్స్ ఆ సీజన్లో 17లో 3 గెలిచింది. "వదిలేసి తప్పు చేశాం మామయ్యా" అని వాడు ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. నేనన్నాను, "ఒరే, ఈగిల్స్‌లో అతని ముందు నిలబడి దారి చేసినవాళ్ళు మీ జట్టులో ఉన్నారా?" వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. లేరు. అక్కడ ఉండిపోతే ఆ 2,005 గజాలు వచ్చేవా అన్నది ఎవరూ తేల్చలేరు. కొందరికి ఊరు మారితే గాని పంట పండదు.

అక్కడ ఇంకో మెలిక ఉంది. సంతకం పెట్టిన రోజున చేతిలో పోసిన మొత్తాన్ని ఒప్పందం ఉన్న ఏళ్ళకు పంచి పద్దు రాసుకోవచ్చు. మధ్యలో వదిలేశారనుకోండి, మిగిలిన భాగమంతా వచ్చి హద్దు లెక్కలో పడుతుంది. మనిషి ఉండడు, పద్దు ఉంటుంది. డెడ్ మనీ అంటారు దాన్ని. ఎద్దు చచ్చినా కిస్తీ బతికే ఉంటుంది చూడండి, అదే. అందుకే వదలడానికి ముందు జట్టు నాలుగుసార్లు ఆలోచిస్తుంది. కబడ్డీలో ఆ గొడవ లేదు. సీజన్ అయిపోయాక పేరు కొట్టేస్తే ఆ డబ్బంతా మళ్ళీ సంచిలోకి వచ్చేస్తుంది. జట్టుకు ఎంత తేలికో ఆటగాడికి అంత బరువు.

2024 ఆగస్టు వేలంలో టైటాన్స్ పవన్‌ను మళ్ళీ పక్కవాడి ధరకే అట్టిపెట్టుకుంది, ఈసారి 1 కోటి 72 లక్షల 50 వేలు. సీజన్ మధ్యలో గాయంతో కొన్ని ఆటలు ఆడలేకపోయాడు. జట్టు కొంచెంలో ప్లేఆఫ్స్ తప్పిపోయి ఏడో స్థానంలో ఆగింది. మా వైపు బోరు వేయించేవాళ్ళ మాట ఒకటుంది. 600 అడుగులు దించాక చుక్క రాకపోతే, ఇంత పెట్టాం గదా, ఇంకో 50 దించుదాం అంటారు. ఆ 50 అడుగుల్లో ఎన్ని ఇళ్ళు మునిగాయో ఇక్కడ అందరికీ తెలుసు. 2025లో టైటాన్స్ వాళ్ళు రిగ్గు లేపేశారు. పవన్‌ను వదిలేశారు. మే 31, జూన్ 1 తేదీల్లో ముంబైలో జరిగిన వేలంలో తలైవాస్ అతన్ని 59 లక్షల 50 వేలకు తీసుకుంది. టైటాన్స్ భరత్ హుడాను 81 లక్షల 50 వేలకు కొంది, అప్పటికే జట్టులో ఆడుతూ వచ్చిన విజయ్ మాలిక్‌ను 51 లక్షల 50 వేలకు వెనక్కి తెచ్చుకుంది. కూడండి. ఇద్దరూ కలిపి 1 కోటి 33 లక్షలు, ముందటేడు పవన్ ఒక్కడికి ఇచ్చినదానికన్నా 39 లక్షల 50 వేలు తక్కువ. ఆ మిగులు మిగతావాళ్ళ మీద పెట్టుకునే వీలు దొరికింది. విజయ్ కెప్టెన్. నాలుగో సీజన్ తర్వాత మొదటిసారి టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది. రెండో క్వాలిఫయర్‌లో పుణే చేతిలో ఓడేదాకా నిలబడింది. ఆ రాత్రి మా వీధిలో టీవీలన్నీ ఒకే మాట మాట్లాడాయి. చాలా ఏళ్ళ తర్వాత.

లెక్క రాసేవాడిగా నాకు ఇది బాగా నచ్చిన కథ. ఇక్కడితో ఆపేస్తే బాగుండును గాని, పుస్తకంలో కుడి పేజీ కూడా చదవాలి గదా.

రాహుల్ చౌదరి 2018లో 1 కోటి 29 లక్షలు. 2019లో తలైవాస్ 94 లక్షలు. తర్వాతి వేలంలో పుణే 40 లక్షలు. 2022లో జైపూర్ 10 లక్షలు. ఆ 10 లక్షల ఏడే అతను ఉన్న జట్టుకు కప్పొచ్చింది! సిద్ధార్థ్ దేశాయ్‌కు 1 కోటి 30 లక్షలిచ్చిన టైటాన్సే, గాయం తర్వాత, 2022లో 20 లక్షలకు తీసుకుంది. 20 లక్షల మనిషి మళ్ళీ కోలుకుని ఆడాడు, మరుసటేడు హర్యానా కోటి రూపాయలిచ్చింది. ఈ అంకెలు పైకీ కిందికీ ఊగుతుంటే జట్టు తెలివితేటల గురించి మాట్లాడతాం. హద్దు ఉన్న సంచిలో ఎవరి తెలివైనా చివరికి ఎవరో ఒకరి ధర తగ్గించడమే. ఆ ఒకరికి పని చేసే వయసు పదేళ్ళు. మోకాలు ఒప్పుకుంటే.

మా తిరునాళ్ళ కథ సగంలో వదిలేశాను. నంద్యాల కుర్రాడు ఆట ముందు రోజు సాయంత్రం ప్యాసింజర్ బండికి మా స్టేషన్లో దిగాడు. రాత్రి మా ఇంట్లోనే భోజనం. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే, నీళ్ళ తొట్టి గట్టు మీద కూచుని మోకాలికి చుట్టిన గుడ్డ విప్పుకుంటున్నాడు. పొరలు పొరలుగా చాలా చుట్లున్నాయి. నొప్పుల నూనె వాసన గుప్పుమంది. కుడి మోకాలు ఎడమ మోకాలికి అన్నలా ఉంది. నన్ను చూసి తువ్వాలు కప్పుకున్నాడు. "ఏం లేదు సార్, బండిలో నిలబడి వచ్చా, పట్టేసింది" అన్నాడు. నేనూ ఏం చూడనట్టే లోపలికి వచ్చేశాను. 8 వేలు అప్పటికే పుస్తకంలో రాసి ఉన్నాయి.

మర్నాడు మొదటి ఆట గెలిచాం. రెండో ఆటలో అతని మూడో కూతకు ఎవరూ ముట్టుకోకుండానే కాలు జారి కూలబడ్డాడు. మా కార్నర్లలో నిలబడింది డబ్బు చాలక ఊళ్ళోంచి లాక్కొచ్చిన ఇద్దరు ఇంటర్ పిల్లలు. ఆ తర్వాత ఏమైందో చెప్పడం అనవసరం. అతనికి ఇస్తానన్న డబ్బు పూర్తిగా ఇచ్చాం, అది మాత్రం చెప్పుకోవాలి.

మరుసటేడు కమిటీలో ఎవరూ అతని పేరెత్తలేదు. ఆ డబ్బుతో మార్కాపురం నుంచి ఇద్దరు కార్నర్లను మాట్లాడుకున్నాం, కూతకు మా ఊరి కుర్రాణ్ణే పెట్టాం. పోటీలకు నాలుగు రోజుల ముందు ఫోన్ వచ్చింది.

"సార్, ఈసారి నన్ను పిలవలేదేం?"

"బడ్జెట్ సరిపోలేదురా అబ్బాయ్" అన్నాను. అబద్ధం కాదు, పుస్తకం నా ఒళ్ళోనే ఉంది.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగాడు, "ఎంతకు రమ్మంటారు సార్?"